ఎత్తి రాసిన పదహారు పేజీలు

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో మీకు గుర్తుందో లేదో గానీ, నాకు బాగా గుర్తుంది. ఒక చేతిలో సగం తెరిచిన గొడుగు, ఎదురుగా మా కొత్తమ్మాయి సంచిలోంచి తీసిన పుస్తకం. వారం రోజులు అలాగే నిలబెట్టేశారు. కాళ్ళు లాగుతున్నాయి, ఇక కథ కదుపుదాం.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. మాది గొడుగులు తయారుచేసే చోటు. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, రెండు వైపులా కిటికీలు. బల్లకి ఆ చివర కత్తెరక్క గుడ్డ కోస్తుంది. నాకన్నా పదహారేళ్ళు చిన్న. అయినా నాతో సహా అందరికీ అక్కే, ఎందుకంటే ఆ కత్తెర మూరెడు పొడుగుంటుంది. మధ్యలో కుట్టుపని. మొన్నటిదాకా ఒక పెద్దావిడ కుట్టేది, ఆవిడ మానేశాక నెల క్రితం కొత్తమ్మాయి వచ్చింది. ఆ పక్కన పిడిబాబాయి పిడులు బిగిస్తాడు. ఈ చివర నేను. తయారైన ప్రతి గొడుగునీ ఐదుసార్లు తెరిచి ఐదుసార్లు మూసి, పది గొడుగులకి ఒకదాన్ని నీళ్ళగొట్టం కింద పట్టుకు నిలబడి, కారుతుందో లేదో చెప్పడం నా ఉద్యోగం.

నన్ను గాలితాత అంటారు. గొడుగులు ఫ్యాను ముందు తెరుస్తాను కాబట్టి అని నేనంటాను. నోరు తెరుస్తాను కాబట్టి అని వాళ్ళంటారు. ఒకసారి ఆ ఫ్యాను గాలికి గొడుగుతో సహా లేచి దూలానికి తగులుకున్నాను. నిచ్చెన వచ్చేలోపు అక్కడే నలభై పేజీలు చదివేశాను. ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకానో కూడా చెప్పాను, అయినా నమ్మరు.

మేం నలుగురం కలిసి చదువుకుంటాం. పుస్తకం ఒకటి, మనుషులు నలుగురు, ఆగే ఓపిక ఒక్కరికీ లేదు. అందుకని కత్తెరక్క పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ మిగిలిపోయిన గొడుగు గుడ్డతో అట్ట కుడుతుంది. చీట్లు తీసుకుంటాం. ఎవరికి ఏ ముక్క వస్తే అది. శనివారం శనివారం మార్చుకుంటాం. ఒకరు నడిమధ్యలో మొదలుపెడతారు, ఒకరు ముందు చావు చదివి మూడు వారాల తర్వాత పుట్టుక చదువుతారు. తన ముక్కలో ఏముందో పక్కవాళ్ళకి చెప్పకూడదు. చెప్తే ఆ వారమంతా అందరి టీ గ్లాసులూ కడగాలి. ఈ పదేళ్ళలో నేను కడిగిన గ్లాసులు వరసగా పేరిస్తే మా వీధి చివరిదాకా వస్తాయి. అందరూ చదవడం అయ్యాక అక్క నాలుగూ కలిపి కుట్టి బీరువాలో పెడుతుంది.

ఏ పుస్తకం కొయ్యాలో తేల్చేది నోళ్ళు కాదు. పుస్తకం తెచ్చినవాళ్ళు అందులోంచి ఒక్క పేజీ పైకి చదవాలి. మిగిలినవాళ్ళు పని చేసుకుంటూ వినాలి. ఏ పేజీకి అక్క కత్తెర ఆగితే ఆ పుస్తకం. పిడిబాబాయి ఎప్పుడూ హత్యల పుస్తకాలే తెస్తాడు, నెత్తురు బాగా పారే పేజీ ఏరుకుని మరీ చదువుతాడు. ఆ నెత్తుట్లో కత్తెర జోరుగా నడుస్తుంది తప్ప ఆగదు.

ఇక ఆ శనివారం సంగతి.

"ఇది మీరెవరైనా చదివారా?" అంది కొత్తమ్మాయి. "మా పెద్దమ్మ పెట్టెలో దొరికింది. నాకు చాలా ఇష్టం."

"చదివారా అని అడుగుతున్నావా అమ్మాయ్," అన్నాడు పిడిబాబాయి. "ఆ పుస్తకం వల్లే మా కత్తెరక్క ఇంట్లో ఇప్పుడు ఇద్దరికి వంట."

కత్తెరక్క కత్తెర బల్ల మీద పెట్టేసింది. ఒక్క పేజీ కూడా చదవకముందే. అలా జరగడం అదే మొదటిసారి.

ఆ నవల అక్కాతమ్ముళ్ళది. తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని వచ్చిన ఉత్తరాన్ని, వాడు తనని వదిలి దూరం పోతాడన్న భయంతో అక్క దాచేస్తుంది. పన్నెండేళ్ళు మాటలుండవు. చివరికి అక్క బయల్దేరి వాడి ఊరికి వెళ్తుంది. మేం రెండేళ్ళ కిందట చదివాం. అప్పటికి కత్తెరక్క తన సొంత చెల్లెలితో మాట్లాడి పదకొండేళ్ళు. వాళ్ళమ్మ కుట్టుమిషన్ ఎవరు తీసుకోవాలన్న దగ్గర మొదలైంది. మిషన్ ఎవరూ తీసుకోలేదు, మాటలు మాత్రం పోయాయి. నవల ఆఖరి పేజీలు చదివిన మర్నాడే కత్తెరక్క వెళ్ళి చెల్లెలి తలుపు తట్టింది. చెల్లెలు నోట్లో దారప్పోగుతో తలుపు తీసి, "సూది విరిగింది, తెచ్చావా?" అందట. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"నాలుగో ముక్కలో చివరి పదహారు పేజీలు మాకు అచ్చులో లేవు," అని అక్క కొత్తమ్మాయికి చెప్పింది. "తాత చొక్కాలో పెట్టుకుని నీళ్ళ కింద నిలబడ్డాడు. ఆ గొడుగు కారింది. కాగితాలు ముద్దైపోతుంటే, పూర్తిగా పోకముందే కూర్చుని, చూసి ఎత్తి రాశాడు. ఈయన గాలి మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పనీ ఒక ఎత్తు."

ఇదీ మీకు ఇంతవరకూ చెప్పని సంగతి. పేజీలు తడిసిన మాట నిజం. ముద్దైన మాట నిజం. ఎత్తి రాయడమే లేదు. చూసేసరికి అందులో ఒక్క అక్షరం మిగల్లేదు, పైగా అక్కడిదాకా నేను చదవనేలేదు. ఇంకో ప్రతి దొరకలేదు. అక్కకి ఏం చెప్పాలో తెలీక, మూడు రోజులు కూర్చుని, మా బడిలో పలక మీద దిద్దించిన గుండ్రటి రాతతో పదహారు పేజీలు నేనే అల్లాను. నా కథలో అక్క తలుపు తడుతుంది, తమ్ముడు తీస్తాడు, పన్నెండేళ్ళ తర్వాత మొదటి మాటగా "తిన్నావా?" అని అడుగుతాడు.

"ఆఖరి పేజీ నేను చూడను," అంది కత్తెరక్క. పుస్తకం నా చేతిలో పెట్టింది. "నువ్వే చదవాలి తాతా. అచ్చులో మొదటిసారి నీ నోటితోనే వింటాను."

పుస్తకం తెరిచాను. ఆఖరి పేజీలో పదకొండు లైన్లే ఉన్నాయి. నవలలో అక్క మెట్లెక్కింది. తట్టబోయి చెయ్యెత్తింది. లోపల ఎవరో నవ్వుతున్నారు. చెయ్యి దించేసింది, మెట్లు దిగింది, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అంతే.

రెండేళ్ళుగా నేను భయపడుతున్నది ఆ పదకొండు లైన్లకే. గొంతు సవరించుకున్నాను. కళ్ళు పుస్తకం మీద పెట్టి, నేను రాసిన ముగింపంతా కంఠతా చదివేశాను.

పిడిబాబాయి సుత్తి ఆగిపోయింది. అక్క గుడ్డముక్కతో కళ్ళు తుడుచుకుంది. "చూశారా, ఒక్క మాట తేడా లేదు. ఎంత జాగ్రత్తగా ఎత్తాడో." కొత్తమ్మాయి మాత్రం సూది గాల్లో పట్టుకుని నా చేతుల వంక చూస్తోంది. అప్పుడు అర్థమైంది. అంతసేపు చదివాను, ఒక్కసారీ పేజీ తిప్పలేదు.

"ఇదే పుస్తకం," అంది కత్తెరక్క. "కొత్తమ్మాయి మూడు ముక్కలూ మనతో మళ్ళీ చదువుతుంది, ఆ నాలుగోది మనమందరం అచ్చులో చదువుకుంటాం. మధ్యాహ్నం మూడింటికి కోస్తాను."

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని ఆరబెట్టే గదిలోకి పోయాను. అక్కడ తడిసిన గొడుగులన్నీ తెరిచి నేల మీద పెట్టి ఉంటాయి. మనిషి దాక్కోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఐనా కొత్తమ్మాయి వెతుక్కుంటూ వచ్చి, రెండు గొడుగులు పక్కకి జరిపి కూర్చుంది.

"తాతగారూ, ఆ పుస్తకంలో అలా లేదు."

"రెండో ముద్రణలో మార్చారమ్మా."

"మీ చేతిలో ఉన్నది చూసి చదివారు కదా."

"నాది దూరపు చూపు. అందుకే మూడో ముద్రణ కనిపించి ఉంటుంది."

ఆ పిల్ల నవ్వలేదు. నాకు నవ్వని మనుషులంటే భయం. మొత్తం చెప్పేశాను. గొట్టం, ముద్ద, మూడు రోజులు, పదహారు పేజీలు.

వినేసి, తన డబ్బా మూత తీసి, సగం తిని, అప్పుడంది: "మీది బావుంది. కానీ మీది వేరే పుస్తకం."

"ఆ వేరే పుస్తకాన్ని నమ్మే కదమ్మా అక్క చెల్లెలింటికి వెళ్ళింది. అదంతా ఈ గాలితాత నోటి మాటేనని తెలిస్తే ఇంక నా ముఖం చూస్తుందా? అబద్ధమంటే ఆవిడకి వంకర కోతతో సమానం. గుడ్డ మొత్తం అవతల పారేస్తుంది."

"నేనైతే చెప్పను. కానీ మూడింటికి కోస్తారు. ఆ ముక్క ఎవరికో ఒకరికి వస్తుంది."

"నీళ్ళగొట్టం పక్కనే ఉంది," అన్నాను. నిజంగానే అన్నాను, దాచి లాభం లేదు.

"తడిపితే ఇంకో పదహారు పేజీలు రాయాలి కదా," అంది. డబ్బా మూసి లేచింది. "మీకు ఓపికుంటే రాయండి."

మూడింటికి కత్తెరక్క పుస్తకాన్ని బోర్లా పెట్టి, అట్ట ఊడదీసి, వెన్ను మీద సుద్దతో మూడు గీతలు గీసింది. పిడిబాబాయి చీట్లు మడతపెడుతున్నాడు. కత్తెర మొదటి గీత మీద ఆనింది.

"అక్కా, ఆగు," అన్నాను.

"ఏం తాతా, ఎక్కడైనా వంకరపోయిందా?"

"గీత సరిగ్గానే ఉంది. నేనే వంకర." అక్కడితో ఆపి ఏదో ఒక కథ చెప్పాలనిపించింది, నాలిక చివర మూడు సిద్ధంగా ఉన్నాయి కూడా. మింగేశాను. "ఆ పదహారు పేజీలూ నేను ఎత్తి రాయలేదు. అల్లాను. పొద్దున చదివింది కూడా ఈ పుస్తకంలోది కాదు. ఇందులో అక్క తలుపు తట్టదు."

పిడిబాబాయి చేతిలోని చీట్లు బల్ల మీద పెట్టేశాడు.

కత్తెరక్క పుస్తకం తిప్పి, ఆఖరి పేజీ తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పదకొండు లైన్లకి అంతసేపు పట్టదు. పట్టింది.

"రెండేళ్ళుగా ఈ పుస్తకం రాసినాయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను," అంది చివరికి. "ఆ దణ్ణాలన్నీ నువ్వు జేబులో వేసుకున్నావన్నమాట."

"వాపసు ఇచ్చేస్తానక్కా."

"నోరుముయ్యి." పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఇది చదివుంటే నేనూ మెట్ల మీంచి తిరిగొచ్చేసేదాన్నే. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే కోపం ఎవరి మీద పడాలో తెలీడం లేదు."

లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. పాత పుస్తకం తెచ్చి, గొడుగు గుడ్డ అట్ట తెరిచి, నా గుండ్రటి రాత ఉన్న పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. తిట్లు ఏ పేజీలో వస్తాయా అని నేను చూస్తున్నాను. రాలేదు.

"అప్పుడే ఒకటి అనుకున్నాను," అంది. "మూడొందల పేజీలు కథ అక్క పక్కనే నడిచింది. తమ్ముడి ఇంట్లో ఏముందో మనకి ఒక్క ముక్కా తెలీదు. కానీ ఈ పదహారు పేజీల్లో పద్నాలుగు తలుపు లోపలే ఉన్నాయి. కుర్చీ వీధివైపు తిప్పుకుని కూర్చుంటాడు. బయట ఎవరు నడిచినా అడుగులు వింటాడు. రోజూ రెండు కప్పులు కడిగి పెట్టుకుంటాడు. పన్నెండేళ్ళ నుంచీ తలుపు గడియకి నూనె రాస్తాడు, శబ్దం రాకుండా తెరుచుకోవాలని. ఇన్నాళ్ళూ బయట ఉన్న రచయిత చివర్లో లోపలికి ఎందుకు దూరాడా అనుకుని, అది ఆయన గొప్పతనం అని సరిపెట్టుకున్నాను."

పేజీ మీద వేలు పెట్టింది.

"ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు తాతా?"

నన్ను చాలామంది చాలా అడిగారు. దూలానికి ఎలా తగులుకున్నావన్నారు, పేజీ నంబర్లు చెప్పమన్నారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. పదేళ్ళు ఒకే బల్ల దగ్గర చదువుకున్న మనిషి ఒక్క వేలితో పట్టేసుకుంది.

"నాకో అక్క ఉంది," అన్నాను. "ముప్ఫై ఒక్క ఏళ్ళైంది చూసి."

"నీకు అక్కా?" అన్నాడు పిడిబాబాయి. "నువ్వు గొడుగులోంచి పుట్టానన్నావు కదా."

"అది వానాకాలం కథ. ఇది నిజం."

చెప్పాను. మా బావ మంచివాడు, నెమ్మదస్తుడు. ఒకసారి పెరట్లో కాలు జారి నీళ్ళడ్రమ్ము పక్కన పడ్డాడు. పదిమందీ చేరినచోట నేను దాన్ని కథ చేశాను. బల్లిని చూసి బావ డ్రమ్ములో దూకాడని, మూత వేసుకుని సాయంత్రం దాకా అందులోనే కూర్చున్నాడని, భోజనం మూత కిందనుంచి అందించామని. అందరూ పడీపడీ నవ్వారు. ఆ కథ నాకన్నా ముందు బావ పనిచేసే చోటికి చేరింది. బతికినన్నాళ్ళూ ఆయన్ని డ్రమ్ము అనే పిలిచారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మా అక్క అంది. "నీ నోటికి తలుపు లేదురా. మా ఇంటికి ఉంది," అని వేసేసింది.

"బావ పోయాడని ఎవరో చెప్తే తెలిసింది," అన్నాను. "అప్పుడూ వెళ్ళలేదు."

కొత్తమ్మాయి దారం తెంపడం మర్చిపోయి సూది పట్టుకునే ఉంది.

"అంటే నోరు జారింది నువ్వు," అంది కత్తెరక్క. "నువ్వేమో లోపల కుర్చీలో కూర్చుని, ఆవిడే నడిచొచ్చి నీ తలుపు తట్టాలని రాసుకున్నావు."

"నవలలో తప్పు అక్కదే కదా..."

"నవలలో. నీ పదహారు పేజీల్లో తప్పెవరిది?"

ఫ్యాను ముందు గొడుగు ఒకటి తెరిచి మూశాను. తనిఖీ చెయ్యాల్సిన గొడుగు కూడా కాదు.

కత్తెరక్క కత్తెర తీసుకుంది. మూడు గీతల మీద మూడు కోతలు, ఒక్కటీ పక్కకి పోలేదు. మూడు ముక్కలకి చీట్లు తీశారు. కొత్తమ్మాయికి మొదటిది వచ్చింది, పిడిబాబాయికి రెండోది, అక్కకి మూడోది. నాలుగోదాన్ని అక్క బల్ల మీదుగా నా వైపు తోసింది.

"దీనికి చీటీ లేదు. నీదే. ఇందులో అక్క తట్టకుండా పోతుంది. నీ రాతలో అక్కే వచ్చి తడుతుంది. రెండూ కానిది ఇంకోటి ఉంది, అది రాయక్కర్లేదు. రేపు ఆదివారం. వెళ్ళి చూసి రా."

"నేనూ రానా తాతా?" అన్నాడు పిడిబాబాయి. "కాస్త నవ్విస్తాను."

"నవ్వించే కదయ్యా ఇంతదాకా వచ్చింది," అన్నాను.

"ఇంకో సంగతి," అంది కత్తెరక్క, గుడ్డ ముందుకి లాక్కుంటూ. "అల్లినందుకు నేనేమీ అనను. ఎత్తి రాశానన్నావు చూడు, అది మాత్రం మర్చిపోను. ఏడాదిపాటు గ్లాసులు నువ్వే."

సాయంత్రం ఇంటికి వెళ్ళబోతుంటే కొత్తమ్మాయి ఒక గొడుగు చేతికిచ్చింది. అక్క కోసిన గుడ్డ, తను వేసిన కుట్టు, బాబాయి బిగించిన పిడి. "వాన లేదు కదమ్మా," అన్నాను. "చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా తాతగారూ," అంది.

ఆదివారం పొద్దున బస్సు దిగి దారి అడగకుండానే నడిచాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ వీధిలో ఇళ్ళు పైకి పెరిగాయి, అక్క ఇల్లు మాత్రం పెరగలేదు. తలుపుకి ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేశారు, అదీ వెలిసింది. మెట్లు నాలుగే. బస్సులో కూర్చుని మొదటి మాటగా ఏమనాలో పదహారు రకాలు అల్లుకున్నాను. మెట్టుకి నాలుగు చొప్పున జారిపోయాయి. పై మెట్టు మీద నిలబడి, ఎండలో, గొడుగు ఐదుసార్లు తెరిచి ఐదుసార్లు మూశాను. కారేలా లేదు. ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగిచూసి లోపలికి పోయారు.

చెయ్యెత్తాను. అచ్చు పుస్తకంలో చెయ్యి దిగిపోయింది సరిగ్గా ఇక్కడే. లోపల నవ్వులేమీ వినిపించలేదు. ఏమీ వినిపించలేదు.

తట్టాను.

చాలాసేపటికి అడుగుల చప్పుడైంది. నా పదహారు పేజీల నిండా అడుగులు వినడమే కాబట్టి, చెవి దానంతటదే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మా అక్క చిన్నప్పుడు చెట్టు మీంచి పడింది, అప్పట్నుంచీ కుడికాలు కాస్త బరువుగా వేస్తుంది. ఆ నడకని ఎక్కడున్నా పోల్చుకుంటాను. ఒకటి. రెండు. మూడో అడుగు దగ్గర తెలిసిపోయింది, అది మా అక్క నడక కాదు.

లోపల గడియ కదిలింది. నూనె రాసి ఉంది కాబోలు, చప్పుడు కాలేదు. తీసిందెవరో వచ్చే వారం చెప్తాను, అందాకా నన్ను ఈ మెట్టు మీదే నిలబెట్టి వెళ్ళండి.